పాలిచ్చే తల్లిని ముట్టుకునే ముందు అడగండి

సంపాదకులకు నమస్కారం.

ఏటా ఆగస్టు 1 నుంచి 7 వరకు తల్లిపాల వారోత్సవాలు జరుగుతాయి. ఆసుపత్రుల్లో ఫ్లెక్సీలు కడతారు, గర్భిణులను కూర్చోబెట్టి ముర్రుపాల విలువ చెబుతారు, మరునాడు మీ పత్రికలో ఫొటోలు వస్తాయి. అవి అనవసరమని నేననను. ప్రసూతి వార్డుల్లో స్టాఫ్ నర్సుగా పనిచేసి పదవీ విరమణ పొందిన నేను కూడా అలాంటి ప్రసంగాలు చేసినదాన్నే. అయితే అవన్నీ పాలు ఎందుకు ఇవ్వాలో తల్లికి చెప్పేవే తప్ప, ఇవ్వాలని ఎంతో ఉండి కూడా ఇవ్వలేకపోతున్న తల్లితో ఎలా మెలగాలో సిబ్బందికి నేర్పేవి కావు. ఆ లోటు గురించే ఈ లేఖ.

బిడ్డ రొమ్ము పట్టడం లేదని తెలియగానే వార్డుల్లో సాధారణంగా ఏం జరుగుతుందో కాన్పుకు వెళ్లివచ్చిన చాలామందికి తెలుసు. ఆయానో నర్సో వచ్చి, ముందుగా ఒక్క మాటైనా అనకుండా జాకెట్టు పక్కకు లాగి, రొమ్మును చేత్తో పట్టుకుని బిడ్డ నోటికి నొక్కిపెడతారు. పక్క మంచం వాళ్ల బంధువులు, వాళ్లలో మగవాళ్లు కూడా, అక్కడే నిలబడి ఉంటారు. తల్లి ముడుచుకుపోతే ‘బిడ్డను కన్నాక ఇంకా సిగ్గేమిటమ్మా’ అన్న మందలింపు వినిపిస్తుంది. ఇందులో దురుద్దేశం ఉండదు. పదుల మంది బాలింతలకు ఒక్క నర్సు ఉన్నచోట తొందరే పద్ధతిగా మారిపోయింది. కానీ ఆ తొందర వల్ల పాలు రావడం ఇంకా ఆలస్యమవుతుంది. పాలు ఊరడానికి ప్రొలాక్టిన్ అనే హార్మోను ఎంత అవసరమో, అవి చేపుకు రావడానికి ఆక్సిటోసిన్ అనే హార్మోను అంత అవసరం. భయం, నొప్పి, అవమానం ఆ ఆక్సిటోసిన్‌ను అడ్డుకుంటాయి. కొత్త మనిషి కొట్టంలోకి వస్తే గేదె చేపదని పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు. తల్లిని పశువుతో పోల్చడం నాకు ఇష్టం లేదు గానీ, ఈ విషయంలో శరీర ధర్మం ఒక్కటే.

ఆ ముడుచుకుపోవడం వెనుక సిగ్గు కాకుండా మరేదైనా ఉండవచ్చునని మనం ఆలోచించం. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో వెలువరించిన అధ్యయనంలో, ప్రశ్నించిన పిల్లల్లో 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామని చెప్పారు. ఆనాడు ఆ ప్రశ్నలకు జవాబిచ్చిన పిల్లల తరమే ఈనాడు మన ప్రసూతి వార్డుల్లో ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పెళ్లయిన స్త్రీలలో 36.9 శాతం మంది భర్త చేతిలో శారీరక లేదా లైంగిక హింసకు గురైనవారు. వీటికి తోడు కాన్పు గదిలో తిన్న తిట్లు, దెబ్బలు ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో ప్రత్యేకంగా ఒక ప్రకటన చేసి ఖండించవలసినంతగా అవి ప్రపంచవ్యాప్తంగా ఉన్నాయి. ఇలాంటివి అనుభవించిన స్త్రీకి, అడగకుండా తన ఛాతీ మీద పడిన చెయ్యి సాయంలా కాక మరోలా తోచవచ్చు. ఆమె ఒళ్లు బిగుసుకుపోతుంది, లేదా ఏడుస్తుంది, లేదా డబ్బాపాలు తెమ్మంటుంది. మనమేమో ‘మాట వినని పేషెంటు’ అని తేల్చేస్తాం.

అలాగని అందరూ వింటుండగా నిండు వార్డులో ప్రతి తల్లినీ గతం గురించి నిలదీయమని నేను కోరడం లేదు. అది మరో హింస అవుతుంది. ఎవరికి ఏం జరిగిందో మనకు తెలియదు కాబట్టి అందరి విషయంలోనూ ఒకే జాగ్రత్త పాటించమంటున్నాను. ‘నేను ముట్టుకుని చూపించనా, లేక బొమ్మ మీద చూపిస్తే మీరే పట్టుకుంటారా?’ అని అడగడానికి ఎంతోసేపు పట్టదు. బిడ్డను రొమ్ముకు పట్టుకోవడం భరించలేని తల్లి, తెర చాటున తన చేత్తో తానే పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టవచ్చు; అవీ తల్లిపాలే. తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లేనని అదే సర్వే చెబుతోంది. అంటే కుట్ల నొప్పితో, పక్కకు తిరగడానికి కూడా మరొకరి మీద ఆధారపడి ఉన్నవాళ్లే వార్డులో ఎక్కువమంది. వాళ్లకు మాటల్లో ఓర్పు ఇంకా ఎక్కువ అవసరం. కాన్పు సమయంలో తోడుగా ఒక స్త్రీని ఉండనివ్వాలని కేంద్రం 2016లోనే సూచించింది. ఆ తోడు మొదటిసారి పాలిచ్చేవరకూ కొనసాగితే నర్సుకూ భారం తగ్గుతుంది.

ఆచారాల విషయంలోనూ మన మాట తీరు మారాలి. బిడ్డ నాలుకకు తేనె రాయకూడదన్నది నిజమే. ఏడాది నిండని పిల్లలకు దానివల్ల బోటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు ముప్పు ఉంది. కానీ అమ్మమ్మను అందరి ముందూ ‘మూఢనమ్మకం’ అని గద్దిస్తే ఆమె తేనె మానేయదు, మనం చూడనప్పుడు రాస్తుంది. పాలు పడతాయని వండిపెట్టే సొరపిట్టు, వెల్లుల్లి కారం, తెలంగాణలో కాయం ఆ ఇంటివాళ్ల ప్రేమ. వాటిని మెచ్చుకుని, దప్పికైనప్పుడు నీళ్లు ఆపవద్దని మాత్రం గట్టిగా చెబితే వింటారు. దిష్టి తగులుతుందని నలుగురిలో పాలివ్వని తల్లికి ఉపన్యాసం ఎందుకు, ఒక తెర చాలు. ఖమ్మం, భద్రాచలం ప్రాంతాల్లో కోయ భాష మాట్లాడే తల్లులు కాన్పుకు వస్తారు. వాళ్ల భాష వచ్చిన ఆశా కార్యకర్తను వార్డు తలుపు దగ్గరే ఆపేయడం నాకు ఎన్నడూ అర్థం కాలేదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది బిడ్డను పోగొట్టుకున్న తల్లి సంగతి. బిడ్డ చనిపోయి పుట్టినా తల్లికి పాలు పడతాయి. రెండు మూడు రోజులకు, ఇంకా బాలింతల వార్డులోనో, లేదా అప్పుడే ఇల్లు చేరాకో, రొమ్ములు గడ్డకట్టి, ఒక్కోసారి జ్వరం కూడా కాసి, బట్టలు తడుస్తాయి. అలా జరుగుతుందని డిశ్చార్జి వేళ చాలాచోట్ల ఆమెతో ఎవరూ చెప్పరు. ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ ఆమె మంచానికి రెండు వైపులా పసిబిడ్డల ఏడుపులే. పక్క బిడ్డ ఏడుపు చెవిన పడగానే పాలు కారడం నేను చూశాను. గట్టిగా గుడ్డ బిగించి కట్టకూడదని, చల్లటి తడిగుడ్డలు వేసుకోవాలని, సలుపు తగ్గేంత వరకే కొద్దిగా పిండాలని, అవసరమైతే డాక్టరు మందు రాస్తారని, ఎర్రబడి జ్వరం వస్తే వెంటనే రావాలని ఆమెకూ ఆమె తల్లికీ చెప్పి పంపాలి. పాలు తగ్గడానికి రొమ్ములకు మల్లెపూలు కట్టడం మన పెద్దలకు తెలిసిన పద్ధతి. 1988లో మన దేశంలోనే జరిగిన ఒక అధ్యయనం మల్లెపూలను పాలు తగ్గించే బ్రోమోక్రిప్టిన్ మాత్రతో పోల్చి, రెండింటితోనూ పాలు తగ్గాయని తేల్చింది. అందుకని ఆ పూలు తెచ్చిన ముసలమ్మను చూసి నవ్వకండి. కొందరు తల్లులు ఆ పాలు మరో బిడ్డకు ఉపయోగపడాలని కోరుకోవచ్చు. హైదరాబాద్ నీలోఫర్‌లో ఉన్నటువంటి తల్లిపాల బ్యాంకు గురించి వాళ్లకు చెప్పాలి, కానీ ఒత్తిడి చేయకూడదు.

ఆసుపత్రి కాన్పు తర్వాత ఆశా కార్యకర్త 3వ రోజు నుంచి 42వ రోజు దాకా 6 సార్లు ఇంటికి వెళ్లాలన్నది నియమం. ఆ సందర్శనలన్నీ ప్రధానంగా నవజాత శిశువు చుట్టూ అల్లుకున్నవి. శిశువే లేని ఇంటికి ఎవరు వెళ్తారు, వెళ్తే ఏం అడుగుతారు అన్నది రెండు తెలుగు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలూ స్పష్టంగా రాసిపెట్టాలి. బిడ్డను కోల్పోయిన తల్లికి, వీలైనచోట విడి గది, వీలుకానిచోట కనీసం పసిబిడ్డలు లేని గైనిక్ వార్డులో మంచం ఇవ్వాలని, ఆమె కేస్ షీటు మీద అందరికీ అర్థమయ్యే ఒక గుర్తు వేయాలని ఆదేశించాలి. లేకపోతే డ్యూటీ మారగానే వచ్చిన కొత్త నర్సు ‘బిడ్డకు పాలిచ్చావా?’ అని అడుగుతుంది. 2022 సెప్టెంబరులో కేంద్రం తన మహిళా ఉద్యోగులకు, బిడ్డ చనిపోయి పుట్టినా, పుట్టిన వెంటనే చనిపోయినా 60 రోజుల ప్రత్యేక ప్రసూతి సెలవు ఇస్తూ, ఆ తల్లి మనసుకు తగిలే గాయాన్నే అందుకు కారణంగా పేర్కొంది. ఉద్యోగం లేని తల్లికి ఆ ఉత్తర్వు వర్తించదు. ఆమెకు కావలసింది మూడో రోజున తలుపు తట్టే ఒక ఆశా కార్యకర్త, ఆ కార్యకర్త చేతిలో ఒక స్పష్టమైన ఉత్తర్వు.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
ఖమ్మం.