నిద్ర పరీక్షల అసలు రికార్డింగులను చెరిపివేయవద్దు

సంపాదకుల వారికి,

అయ్యా,

గురక పెట్టేవారందరికీ జబ్బు ఉన్నట్టు కాదు గాని, నిద్రలో పదే పదే ఊపిరి ఆగిపోయే స్లీప్ అప్నియాకు గురక ముఖ్యమైన లక్షణం. దీనికోసం చేసే స్లీప్ స్టడీ (నిద్ర పరీక్ష) నివేదికలో రోగీ, బంధువులూ, చాలాసార్లు వైద్యులూ చూసేది ఏహెచ్ఐ అనే ఒక్క అంకెనే. గంటకు సగటున ఎన్నిసార్లు ఊపిరి ఆగింది లేదా బాగా తగ్గింది అన్నదే ఆ అంకె. పెద్దవారిలో అది 15కు చేరితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. రాత్రిపూట రికార్డింగులు తీసి, పగలు వాటిని స్కోర్ చేసే, అంటే ఊపిరి ఆగిన, తగ్గిన చోట్లను గుర్తించి లెక్కించే టెక్నీషియన్‌గా, ఆ అంకె ఎలా వస్తుందో పాఠకులకు తెలియాలని ఈ లేఖ రాస్తున్నాను.

తల మీద మెదడు విద్యుత్ సంకేతాలను పట్టే ఈఈజీ తీగలు, కళ్ల పక్కన, గడ్డం మీద ఎలక్ట్రోడ్లు, ముక్కు దగ్గర గాలి ఒత్తిడిని కొలిచే గొట్టం, ఊపిరి వేడిని పట్టే థర్మిస్టర్, ఛాతీకీ పొట్టకీ చెరొక బెల్టు, వేలికి ఆక్సిజన్ క్లిప్పు పెట్టి రాత్రంతా రికార్డు చేస్తాం. దానిని 30 సెకన్ల ముక్కలుగా చూస్తూ స్కోర్ చేయాలి; 8 గంటలకు 960 ముక్కలు. గాలి ప్రవాహం కనీసం 90 శాతం తగ్గి 10 సెకన్లపాటు అలాగే ఉంటే అప్నియా. అప్పుడు బెల్టులు కదులుతూనే ఉంటే గొంతులో దారి మూసుకుపోయిందని, అవి కూడా కదలకపోతే ఊపిరి తీయమనే ఆదేశం మెదడు నుంచే రాలేదని అర్థం.

తెల్లవారుజామున రోగి పక్కకు ఒత్తిగిలినప్పుడు ముక్కు గొట్టం జారిపోవడం మాకు నిత్యం ఎదురయ్యేదే. తెర మీద ఆ గీత చదునుగా సాగిపోతుంది, సాఫ్ట్‌వేర్ దానిని అప్నియాగా గుర్తించవచ్చు. కాని పక్కనే థర్మిస్టర్ గీత లేస్తూ పడుతూ, రెండు బెల్టులూ ఒకే లయలో కదులుతూ, ఆక్సిజన్ 97 శాతం దగ్గరే నిలిచి ఉంటే ఆ మనిషి ఊపిరి చక్కగా తీస్తున్నట్టే. అసలు రికార్డింగ్ లేకపోతే ఆ తప్పును తరువాత ఎవరూ పట్టుకోలేరు.

ఊపిరి పూర్తిగా ఆగకుండా తగ్గినప్పుడు దానిని లెక్కించే నిబంధనలూ ఒక్కటి కావు. ఊపిరి 30 శాతం తగ్గినప్పుడు ఆక్సిజన్ 3 శాతం పడినా, లేదా నిద్ర క్షణకాలం చెదిరినా లెక్కించాలని ఒక నిబంధన. 4 శాతం పడితేనే లెక్కించాలని మరొకటి. అదే మనిషి, అదే రాత్రి, అంకెలు మాత్రం వేరు. ఈఈజీ లేకుండా ఇంటి దగ్గర చేసే పరీక్షల్లో నిద్ర ఎంతసేపో తెలియదు కనుక మొత్తం రికార్డింగ్ సమయంతో భాగిస్తారు. నిద్ర పట్టక దొర్లిన గంటలూ అందులో కలిసి అంకె తగ్గిపోతుంది.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మన ఉద్దానానికి ఇది మరీ ముఖ్యం. డయాలసిస్ చేయించుకునేవారిలో స్లీప్ అప్నియా ఎక్కువ. ఒంట్లో చేరిన నీరు పడుకున్నప్పుడు మెడ వైపు జరిగి గొంతు దారిని ఇరుకు చేయడం అందుకు ఒక కారణం. కనుక పరీక్ష డయాలసిస్‌కు ముందు రాత్రి చేశారా, తరువాతి రాత్రి చేశారా అన్నది కూడా రాయకపోతే ఆ అంకెతో పరిశోధన సాగదు.

మా బంధువు ఒకరు తన రికార్డింగ్ అడిగితే, డిస్కు నిండిపోయి చెరిపేశామని పరీక్ష చేసినచోట చెప్పారు. ఇది నన్ను ఎంతో బాధించింది. పలాస కిడ్నీ పరిశోధన కేంద్రంలో గాని, మన జిల్లాల మరే ఆసుపత్రిలో గాని స్లీప్ అప్నియాపై అధ్యయనం తలపెడితే, చాలా స్లీప్ సాఫ్ట్‌వేర్లలో తెరుచుకునే ఈడీఎఫ్ అనే ఫైలు పద్ధతిలో, పేరు తీసివేసి సంఖ్య మాత్రమే ఉంచి, ప్రతి రికార్డింగునూ భద్రపరచాలని కోరుతున్నాను. ఏ నిబంధన పాటించారో నివేదికలోనే రాయాలి. కొన్ని రికార్డింగులను ఇద్దరు వేర్వేరుగా స్కోర్ చేసి పోల్చాలి. సాఫ్ట్‌వేర్ వేసిన గుర్తులనూ, మనిషి సరిచేసిన గుర్తులనూ విడివిడిగా దాచాలి.

ఇట్లు,
ఒక స్లీప్ ల్యాబ్ టెక్నీషియన్,
విజయనగరం