కళింగపట్నం వెళ్తున్న పద్మకు

చిరంజీవి పద్మకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మకు మోకాలి నొప్పి కాస్త తగ్గింది. నువ్వు ఫోన్ చేసి 19 రోజులైంది. పని ఒత్తిడి ఉంటుందిలే, అది అడగడానికి రాయడం లేదు. స్నేహితులతో కళింగపట్నం వెళ్తున్నావని పెద్దత్త చెప్పింది. సముద్రంలో స్నానం కూడా చేస్తారట. సరే, చుట్టుపక్కల చూడవలసినవి చెబుదామని కూర్చున్నాను.

ముందు శాలిహుండం వెళ్లండి. ఎండ ముదరకముందే కొండ ఎక్కాలి. పైన బౌద్ధ స్తూపాల ఇటుక పునాదులు, కింద వంశధార నది. 1919లో ఆ చోటును వెలుగులోకి తెచ్చింది మన గిడుగు రామమూర్తి గారే. ఊరికే ఫోటోలు దిగి వచ్చేయకు, కాసేపు కూర్చో. నీళ్లసీసా, టోపీ మరిచిపోకు.

శ్రీకూర్మంలో రెండు ధ్వజస్తంభాలు ఎందుకని చిన్నప్పుడు అడిగావు గుర్తుందా? స్వామి పడమటి ముఖంగా ఉంటాడు. తూర్పున ఒకటి, పడమర ఒకటి. ఆ రోజు గుడిలో నక్షత్ర తాబేలుకు ఆకు అందిస్తూ, అది మెడ చాచగానే నా పంచె వెనక దాక్కున్నావు. అంత భయస్తురాలివి, ఇప్పుడు సముద్రంలో దిగుతానంటున్నావు.

వంశధార మొగ దగ్గర, అంటే నది సముద్రంలో కలిసే చోట మాత్రం దిగవద్దు. నేనూ సూరిబాబాయీ డిగ్రీ చదివే రోజుల్లో అక్కడికే వెళ్లాం. మోకాలి లోతు నీళ్లు, అలలు కూడా పెద్దగా లేవు. పాటు మొదలై నీళ్లు వెనక్కి తీస్తున్న సంగతి మేం గమనించలేదు. మడమల కింద ఇసుక పంచదారలా జారిపోతుంటే నవ్వుకున్నాం. బాబాయి రెండడుగులు పక్కకు వేశాడు, అంతే. నీటి పైన ఒక్క చెయ్యి, దానికి కట్టిన ఎర్రదారం కనిపించాయి. పైకి తేలి ఒడ్డుకేసి ఈదుతున్నాడు, ఈదినకొద్దీ దూరమవుతున్నాడు. నా గొంతు పెగల్లేదు. వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయన లేచి, "ఎదురీదకు, ఒడ్డు వెంబడి పక్కకు పో!" అని కేకలు పెట్టాడు. బాబాయి ఆ మాట విన్నాడు కాబట్టి ఎక్కడో దూరంగా గట్టెక్కాడు. ఉప్పునీళ్లు కక్కుతూ పడిపోతే ఆ ముసలాయనే తలపాగా విప్పి ఒళ్లు తుడిచాడు. నానమ్మ పోయేదాకా ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు.

అందుకే చెబుతున్నాను. ఈత వచ్చినంత మాత్రాన సముద్రం వచ్చినట్టు కాదు. ఈత కొలనుకు లాగే గుణం లేదు. దిగేముందు అక్కడి జాలరులను అడుగు, వద్దంటే వాదించకు. పొద్దుగూకాక అసలే వద్దు. స్నేహితులు పిలిచారని మొహమాటపడకు. ఉపన్యాసం ఇవ్వకూడదనే అనుకున్నాను, ఏం చేయను తల్లీ.

లైట్‌హౌస్ దగ్గర ఒక ఫోటో దిగి పంపు. జుట్టు పొడిగా కనిపించాలి. సున్నుండల డబ్బా పెద్దత్తతో పంపిస్తున్నాం, మూత గట్టిగా పెట్టు, తేమకు మెత్తబడతాయి. రాత్రి ఎంత పొద్దుపోయినా ఫోన్ చెయ్యి, మేలుకునే ఉంటాను.

నాన్న