ఇకపై అడిగితేనే టేకు చట్రం

మా దగ్గర వంటింటి అలమరాలు చేయించుకోబోయేవారికి ఒక మాట. ఇకమీదట మీరు కావాలంటే తప్ప అలమరా ముందు టేకు చట్రం బిగించము.

ప్లైవుడ్ పెట్టెకు ముందు నాలుగు వైపులా టేకు పట్టీలు కొట్టి, వాటి మధ్య తలుపు ఒదిగేలా చేయడం మా నాన్నగారు నేర్పిన పని. దాని అందం దానిదే. కానీ పోయిన ఏడాది ఒక ఇంట్లో నా లెక్క తప్పింది. అలమరా వెడల్పు 450 మిల్లీమీటర్లు. రెండు పక్కలా 40 చొప్పున పట్టీలు పోగా 370. సొరుగు జారే చానళ్లకు 26, సొరుగు పక్క చెక్కలకు 24 తీసేస్తే లోపల మిగిలింది 320. ఆ ఇంటి అన్నం పళ్లాలు 330! ఆవిడ పళ్లెం ఏటవాలుగా పెట్టి చూపిస్తూ, "రోజూ ఇలాగే పెట్టుకోవాలా బాబూ?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. చట్రం ఊడదీసి, సొరుగులు మా ఖర్చుతోనే మళ్లీ చేశాం. పట్టీల బదులు ఇప్పుడు రెండు పక్కలా 18 చొప్పున పెట్టె చెక్కలే పోతాయి కాబట్టి, అదే అలమరాలో లోపల 364 వచ్చింది.

వానాకాలం గొడవ వేరే ఉంది. చట్రంలో ఒదిగే టేకు తలుపు తేమకు ఉబ్బి పట్టేస్తుంది. చిత్రిక పడితే వేసవిలో సందు కనిపిస్తుంది. చట్రం లేని పెట్టెకు తలుపు ముందు అంచుల మీదుగా కప్పుతుంది కాబట్టి ఆ బాధ తక్కువ.

చట్రం పోయింది కాబట్టి ధర తగ్గుతుందనుకోకండి. ముందు పట్టు ఉండదు కనుక వెనక చెక్కను చుట్టూ గట్టిగా బిగించాలి. తలుపు బరువంతా పక్క చెక్క మీదే పడుతుంది, నాసిరకం ప్లైవుడ్ అయితే కబ్జా మరలు వదులైపోతాయి. అందుకే పెట్టెకు ఐఎస్ 710 రకం, అంటే తేమకు తట్టుకునే మెరైన్ రకం, 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్డే వాడతాం. సింకు కింద పార్టికల్ బోర్డు (చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసే పలక) పెట్టమంటే మాత్రం మా వల్ల కాదు. నీళ్లు తాగి ఒకసారి ఉబ్బిందంటే మళ్లీ యథాస్థితికి రాదు.

హాల్లో అద్దాల బీరువాకు, దేవుడి గూటికి నేనైతే ఇప్పటికీ చట్రమే వేస్తాను. గోడలు వంకరగా ఉన్న పాత ఇళ్లలో కూడా అంతే, పట్టీని గోడ వంపుకు తగ్గట్టు చెక్కుకోవచ్చు.

ఇప్పటికే బయానా ఇచ్చినవారు చెక్క కోయకముందే ఏ పద్ధతి కావాలో చెప్పండి. కొలతలకు వచ్చే రోజు మీ ఇంట్లో అన్నిటికన్నా పెద్ద పళ్లెం తీసి బయట పెట్టండి.