నీ బ్రష్ గురించి

చిరంజీవి వాసుకి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాలు కాస్త నయం. నీ ఫోన్ వచ్చి చాలా రోజులైంది. పనుల్లో ఉండి ఉంటావులే, నేను రాస్తున్నది దాని గురించి కాదు.

మొన్న బుజ్జి నీ గదిలో తీసిన ఫోటో చూపించింది. నీ వెనకాల సింకు మీద తాతయ్య షేవింగ్ బ్రష్ కనిపించింది. మగ్గులో కుచ్చు కిందికి, పిడి పైకి, నీళ్లలో నానుతోంది. నీ మొహం చూస్తే గడ్డం గీసుకుని ఎన్నాళ్లయిందో అనిపించింది. మరి వాడని బ్రష్‌కి నీళ్లెందుకు? చిన్నత్త కూడా ఏదో అంది, వాడు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడట్లేదట అని. ఆవిడ మాటలకేంలే.

గీసుకోవడం అయ్యాక గోరువెచ్చని నీళ్ల ధార కింద పెట్టి నురగ పూర్తిగా పోయేదాకా కడుగు. కొసలు శుభ్రంగానే కనిపిస్తాయి, సబ్బంతా కుచ్చు మొదట్లో ఉండిపోతుంది. అక్కడ బొటనవేలితో నొక్కి చూడు, ఇంకా తెల్లగా వస్తుంటే మళ్లీ కడగాలి. తర్వాత గుప్పిట్లో పట్టి మెల్లగా పిండు. మెలిపెట్టకు, లాగకు. గట్టిగా విదిలించి, పొడి టవల్ మీద అటూ ఇటూ రాసి, గాలాడే చోట పెట్టు. తలకిందులుగా వేలాడదీయాలా, నిలబెట్టాలా అని జనం వాదించుకుంటారు. బాగా పిండి తుడిచాక ఎలా పెట్టినా పెద్ద తేడా ఉండదు, గాలి తగలడమే ముఖ్యం. తాతయ్య ఎప్పుడూ నిలబెట్టే ఉంచేవారు. స్నానాల గది తలుపు వేసే ఉంచుతావు నువ్వు, కిటికీ అయినా తీస్తున్నావా?

అది బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకల బ్రష్. మన జుట్టులో ఉండే కెరటిన్ అనే పదార్థమే అందులోనూ ఉంటుంది, ఎప్పుడూ తడిలో ఉంటే పాడవుతుంది. వాడేముందు కాసేపు తడిపితే చాలు. పంది వెంట్రుకలదైతే ఇంకాస్త నానాలి. సింథటిక్‌ది ఇట్టే ఆరిపోతుంది. నీకు తీరిక లేకపోతే అలాంటిదొకటి కొనుక్కుని తాతయ్యది ఇక్కడికి పంపెయ్. వద్దులే, పంపకు. నీ దగ్గరే ఉండనీ.

ప్రసాద్ బాబాయి సంగతి నీకు చెప్పానో లేదో. ఇంటర్వ్యూకి వెళ్తూ తాతయ్యకి చెప్పకుండా ఆ బ్రష్ పట్టుకెళ్లాడు. పొద్దున్నే గీసుకుని, తడి తడిగానే డబ్బాలో పెట్టి మూత బిగించేశాడు. ఆ ఉద్యోగం రాలేదు. ఆ బెంగలో డబ్బా తియ్యనే లేదు. తీరా తీస్తే ముక్కిపోయిన వాసన, కుచ్చు మొదట్లో నల్లగా బూజు. భయపడి మరుగుతున్న నీళ్లు పోశాడు. వెంట్రుకల్ని పిడిలో పట్టి ఉంచేది జిగురే కదా, అది వదిలేసి కుచ్చు మొత్తం చేతిలోకి ఊడొచ్చింది. దాన్ని పెట్టెలో దాచి, ఇంటికొచ్చాక తాతయ్య ఎదురుపడకుండా తిరిగాడు. భోజనానికి కూడా అందరూ లేచాకే వచ్చేవాడు. తాతయ్యకి బ్రష్ లేదని మొదటిరోజే తెలుసు, ఉద్యోగం రాలేదనీ తెలుసు. అడగలేదు. చివరికి ఒక రాత్రి బాబాయే తెచ్చి ముందు పెట్టాడు. తాతయ్య ఆ ముక్కలు చేతిలోకి తీసుకుని, "అన్నం తిన్నావా?" అన్నారు. తర్వాత కుచ్చు శుభ్రం చేసి, ఆరబెట్టి, కొత్త జిగురుతో అతికించి, బాగా గట్టిపడేదాకా దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఇప్పుడు నీ మగ్గులో ఉన్నది ఆ బ్రష్షే. అందుకే నీళ్లలో నానబెట్టొద్దంటున్నాను. పిడి చెక్కది, నానితే పగుళ్లిస్తుంది కూడా.

మీ దగ్గర ఉప్పునీళ్లు కదా, కుచ్చు బిరుసెక్కి ఉంటుంది. గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో చెంచాడు తెల్ల వెనిగర్ కలిపి, కుచ్చు మాత్రమే మునిగేలా ఐదు నిమిషాలు ఉంచి, బాగా కడుగు. ఒకటీ అరా వెంట్రుక రాలితే టెన్షన్ పడకు. గుత్తులుగా ఊడితే మాత్రం చెప్పు, నేను అతికిస్తాను. హెయిర్ డ్రయ్యర్ మాత్రం పెట్టకు, ఆ వేడి మంచిది కాదు.

గడ్డం ఉంచుకోవాలనిపిస్తే ఉంచుకో. కానీ ఆఫీసులో ఏమైనా అయిందా? ఆ అమ్మాయి విషయమా? ఏదైనా సరే, చిన్నత్త నోట కాకుండా నీ నోట వినాలని ఉంది. తిండి మానేస్తున్నావేమోనని అమ్మ దిగులు.

ఆదివారం సాయంత్రం ఫోన్ చేస్తాను, ఎత్తు. ఎత్తకపోతే సోమవారం బయల్దేరి వచ్చేస్తాం. అమ్మ ఇప్పటికే సంచీ సర్దేసింది.

ఆశీస్సులతో,
నాన్న