మంత్రి గారూ, ఈరోజైతే మల్లంపల్లి వారికి యూనివర్సిటీలో ఉద్యోగం వచ్చేదా?

గౌరవనీయులైన ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

అయ్యా, నేను ప్రొఫెసర్ని కాదు, చరిత్ర పుస్తకాలంటే ఇష్టపడే మామూలు మనిషిని. శాసనాలు చదివి ఆంధ్ర చరిత్ర రాసిన మల్లంపల్లి సోమశేఖర శర్మ గారి జీవితం చదివినప్పటి నుంచి ఒక మాట మనసులో తిరుగుతోంది, అది మీ చెవిన వెయ్యాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

శర్మ గారు 1891లో పశ్చిమ గోదావరిలో పుట్టారు, 1963లో పోయారు. డిగ్రీ పట్టా లేదు. మద్రాసులో కొమర్రాజు లక్ష్మణరావు గారి దగ్గర ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం, అంటే తెలుగు ఎన్‌సైక్లోపీడియా, పనిలో చేరారు, అక్కడ నేర్చుకున్నదే ఆయన చదువు. 1923లో లక్ష్మణరావు గారు పోయాక ఆ మహా పని మూడు సంపుటాల దగ్గర ఆగిపోయింది గానీ శర్మ గారు మాత్రం శాసనాలు వదల్లేదు. అలాంటి మనిషిని ఆంధ్ర యూనివర్సిటీ పిలిచి హిస్టరీ డిపార్ట్‌మెంట్‌లో కూర్చోబెట్టింది. పట్టా ఏదని ఆపలేదు, పని చూసింది. నాకు ఇది చదివినప్పుడల్లా ఆ రోజుల్లో ఆ నిర్ణయం తీసుకున్నవాళ్ళకి దండం పెట్టాలనిపిస్తుంది.

దాని ఫలితం ఏంటో చూడండి. 1323లో కాకతీయుల రాజధాని ఓరుగల్లు ఢిల్లీ సుల్తానుల చేతికి పడిపోయాక తెలుగు దేశంలో ఏం జరిగిందో అప్పటిదాకా సరిగ్గా ఎవరూ కూర్చి చెప్పలేదు, ఆ సుల్తానుల మీద తిరగబడిన ముసునూరి ప్రోలయ నాయకుడు, కాపయ నాయకుడు అన్న పేర్లు మామూలు జనానికి అసలు తెలియవు. శర్మ గారు శాసనాలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి 1945లో ఆ కథని పుస్తకంగా తెచ్చారు, దానికి ఆయన పెట్టిన పేరులోనే అది ఆంధ్ర చరిత్రలో మరిచిపోయిన అధ్యాయం అని ఉంది. 1948లో రెడ్డి రాజ్యాల మీద పెద్ద గ్రంథం. కోనసీమలో దొరికిన విలస తామ్ర శాసనాన్ని నేలటూరి వెంకటరమణయ్య గారితో కలిసి పరిష్కరించారు, ఆఖరి కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు బందీగా పోతూ నర్మద ఒడ్డున ప్రాణం విడిచాడన్న సంగతి మనకి ఆ రాగి రేకుల్లో కనిపిస్తుంది. ఆ అక్షరాలు చదివేవాళ్ళు లేకపోతే అవి ఉట్టి రాగి రేకులే కదండీ.

శాసనం చదవడం అంటే లిపి వస్తే సరిపోతుందనుకుంటారు, అది కాదు. సంవత్సరం కూడా అంకెల్లో వేయకుండా మాటల్లో చెప్తారు చాలాచోట్ల. ఉదాహరణకి బాణ, వేద, నేత్ర, శశి అని ఉందనుకోండి, బాణాలు 5, వేదాలు 4, నేత్రాలు 2, చంద్రుడు 1, దాన్ని వెనక నుంచి చదవాలి, శక సంవత్సరం 1245 అవుతుంది, దానికి 78 కలిపితే 1323. ఇది తెలియని వాడికి అది ఏదో శ్లోకం ముక్క, తెలిసిన వాడికి ఓరుగల్లు పడిన ఏడాది.

ఇప్పుడు నేను కళ్ళారా చూసింది చెప్తాను. మాకు తెలిసిన ఒక అమ్మాయి హిస్టరీలో ఎమ్మే చేస్తూ, ఒక ఊరి గుడి దగ్గర ధ్వజస్తంభం పక్కన సగం భూమిలో దిగిపోయిన రాయి ఫొటో తీసుకెళ్ళి డిపార్ట్‌మెంట్‌లో చూపిస్తే, పాత లిపి చదివేవాళ్ళు మా దగ్గర ఎవరూ లేరమ్మా అన్నారట. ఆఖరికి ఆ అమ్మాయిని పోస్టాఫీసులో చేసి రిటైరైన ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాం, ఆయన ముప్ఫై ఏళ్ళుగా సెలవు రోజుల్లో ఊళ్ళు తిరిగి శాసనాలు రాసుకుంటున్నారు. వచ్చి ముందు రాయి మీద ఏళ్ళ తరబడి వేసిన సున్నం నీళ్ళతో తడిపి మెత్తటి బ్రష్‌తో నెమ్మదిగా వదిలించారు, తడి కాగితం పరిచి బ్రష్‌తో కొట్టి కొట్టి అక్షరాల గుంటల్లోకి దింపారు, కాస్త ఆరాక పైన సిరా గుడ్డ అద్దుతుంటే నల్ల కాగితం మీద తెల్లగా అక్షరాలు పైకి తేలాయి. ప, వ ఒకేలా ఉన్న చోట టార్చి పక్క నుంచి వేసి నీడ చూసి చెప్పారు. స్వస్తిశ్రీ అని మొదలుపెట్టి ఆయన ఒక్కో పదం చదువుతుంటే ఆ అమ్మాయి పెన్ను పట్టుకుని రాయడం మర్చిపోయి అలా చూస్తూ ఉండిపోయింది. ఆ పెద్దాయనకి చరిత్రలో డిగ్రీ లేదు. ఏ యూనివర్సిటీ క్లాస్‌రూమ్‌లోనూ ఆయన్ని నిలబెట్టే దారి మాకు కనిపించలేదు.

దారి లేదని కాదు, ఉంది. 2022లో యూనివర్సిటీలకి రూల్సు పెట్టే కేంద్ర సంస్థ యూజీసీ ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ అని ఒక పద్ధతి తెచ్చింది, తమ రంగంలో కనీసం 15 ఏళ్ళు పనిచేసి పేరు తెచ్చుకున్నవాళ్ళకి డిగ్రీలు లేకపోయినా పర్లేదు, మంజూరైన పోస్టుల్లో 10 శాతం మించకుండా తీసుకోవచ్చు అంది. అందులో సోషల్ సైన్సెస్, లిటరేచర్ కూడా రాసే ఉన్నాయి. కానీ పెద్ద హోదాలో చేసినవాళ్ళయితే మంచిది అని కూడా ఉంది, అక్కడే చిక్కు. కంపెనీల్లో, సర్వీసుల్లో చేసిన పెద్దలకైతే చూపించడానికి హోదా ఉంటుంది, ఊరూరా తిరిగి రాళ్ళ మీద సున్నం కడిగినవాడికి ఏ హోదా ఉంటుంది చెప్పండి.

అందుకే నేను అడిగేది ఒక్కటే. రాష్ట్ర యూనివర్సిటీల్లో హిస్టరీ, తెలుగు డిపార్ట్‌మెంట్లకి శాసనాలు చదివేవాళ్ళని ఈ పద్ధతిలో తీసుకోమని చెప్పండి, ప్రచురించిన శాసన పాఠాలు, రాళ్ళ మీద నుంచి కాగితం మీదికి తీసిన అచ్చులు, రాసుకున్న నోట్‌బుక్కులు అనుభవం కింద లెక్కలోకి తీసుకోమని స్పష్టంగా రాయించండి. గౌరవ హోదా అని ఉత్త చేతులతో కాకుండా జీతం ఇచ్చి పిలవండి, ఎండలో ఊళ్ళు తిరిగే పనికి బస్సు చార్జీలు కూడా సొంతంగా పెట్టుకున్నవాళ్ళు వీళ్ళు. గరిష్ఠంగా నాలుగేళ్ళే ఉంచాలని రూలు, ఆ నాలుగేళ్ళలో ఒక్కొక్కరు పదిమంది పిల్లలకి నేర్పినా చాలు.

ఆ పెద్దాయనకి డెబ్భై దాటాయి. నోట్‌బుక్కులు ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉన్నాయి, ఆ అమ్మాయి ప్రతి ఆదివారం వెళ్ళి వాటిని ఎత్తి రాసుకుంటోంది. జూన్‌లో కాలేజీలు తెరిచేలోగా మీ ఆర్డర్ వస్తే ఆ పెట్టె తీసుకుని ఆయన క్లాసుకే వస్తారు.

ఇట్లు,
చరిత్ర చదువుకునే ఒక పాఠకుడు