మీ డబ్బా వేడిగా వచ్చింది, మీ జవాబు ఇంకా రాలేదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం. నేను మీకు రాస్తున్న నాలుగో ఉత్తరం ఇది. ముందు రాసిన మూడింటికీ "మీ ఫిర్యాదు నమోదైంది" అని ఒకే మెసేజ్ వచ్చింది, అక్షరం తేడా లేదు. అందుకే ఈసారి మొదటి నుంచి అంతా చెప్తాను, దయచేసి చివరిదాకా చదవండి.

మాది బరంపురం. ఇక్కడ ఒక కాలేజీ ల్యాబ్‌లో రీసెర్చ్ స్కాలర్‌ని. అశ్వగంధలో ఉండే విథాఫెరిన్-ఎ అనే స్టెరాయిడ్ జాతి పదార్థం రొమ్ము క్యాన్సర్ కణాల్లో సిగ్నల్‌ని ఎంతవరకు ఆపుతుందో చూడటం నా పని. స్టాట్3 అనే ప్రొటీన్‌లో 705వ చోట ఉన్న టైరోసిన్‌కి ఫాస్ఫేట్ అతుక్కుంటే, అది కణం మధ్యలోని న్యూక్లియస్‌లోకి పోయి "పెరుగు, చావకు" అని కణానికి చెప్తుంది. ఆ ఫాస్ఫేట్ ఉందో లేదో చూపించే యాంటీబాడీ కోసమే, అంటే ఫాస్ఫేట్ ఉన్న ఆ ప్రొటీన్‌నే వెతికి పట్టుకునే పదార్థం కోసమే మీకు డబ్బు కట్టాం. అది దారంతా చల్లగా ఉండాలి, వేడెక్కితే పాడైపోవచ్చు.

పార్సిల్ మే రెండో వారంలో వచ్చింది. మే నెలలో మా ఊరి ఉక్క ఎలా ఉంటుందో మీకు తెలియకపోవచ్చు, మీ కొరియర్‌కి తెలియాలి కదా. టేబుల్ మీద పెట్టి టేపు కోస్తే ఐస్ జెల్ సంచీలు మొత్తం నీళ్ళయిపోయి ఉన్నాయి, పట్టుకుంటే గోరువెచ్చగా తగిలాయి. సీసా లేబుల్ మీది సిరా కారిపోయి తేదీ సగమే కనిపిస్తోంది. కొరియర్ అబ్బాయి అక్కడ ఉండగానే ఫోటోలు తీసి, గంటలోపే మీకు మెయిల్ చేశాను.

ఇక్కడి నుంచి మొదలైంది అసలు కష్టం. హైదరాబాద్ నంబర్‌కి చేస్తే ఒకావిడ తెలుగులో మాట్లాడింది, ప్రాణం లేచొచ్చింది. పిన్ కోడ్ అడిగింది. 760 అని ఇంకా పూర్తిగా చెప్పనేలేదు, "అది ఒడిశా మేడమ్, మీరు భువనేశ్వర్‌లో మాట్లాడాలి" అని పెట్టేసింది. సరే, భువనేశ్వర్ వాళ్ళకి ఒడియాలోనే చెప్పుకున్నాను, మా ఊళ్ళో చాలామందికి రెండూ వచ్చు. వాళ్ళు బిల్లు చూసి "ఇది హైదరాబాద్ డిపో సరుకు, అక్కడే అడగండి" అన్నారు. మళ్ళీ హైదరాబాద్. ఈసారి ఇంకో అబ్బాయి, కథ మళ్ళీ మొదటి నుంచి. "నోట్ చేసుకున్నాను, సాయంత్రం చేస్తాం" అన్నాడు, ఏ సాయంత్రమో చెప్పలేదు. ఇరవై మూడు రోజుల్లో పదకొండు సార్లు ఫోన్ చేశాను. ఒక్కరు కూడా ఫోటోలు తెరిచి చూశామని చెప్పలేదు. ఇచ్ఛాపురానికి ఇవతల ఉన్నందుకు మేం ఎవరి కస్టమర్లమో కూడా మీకు తేలకపోతే, డబ్బు తీసుకునేటప్పుడు ఎలా తేలింది?

వీటన్నిటికంటే మీ టెక్నికల్ సపోర్ట్ ఆయన మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు. బ్యాండ్ (ప్రొటీన్ ఉంటే పరీక్ష పొర మీద కనిపించే గీత) రావట్లేదండీ అంటే, "రాలేదంటే మీ మందు పనిచేసినట్టే కదా మేడమ్, కంగ్రాట్స్" అన్నారు. సార్, మా పనిలో అన్నిటికంటే భయపడాల్సింది దానికే. చచ్చిపోయిన యాంటీబాడీ, పనిచేసిన మందు, రెండూ బ్లాట్ మీద, అంటే ఆ పొర మీద ఒకేలా కనిపిస్తాయి, ఖాళీగా. మేం వాడే ఎండీఏ-ఎంబీ-231 అనే రొమ్ము క్యాన్సర్ కణాల్లో స్టాట్3 ఎప్పుడూ మేలుకునే ఉంటుంది, మందు వేయని కణాల్లో ఆ బ్యాండ్ రావాలి. మీ సీసాతో అక్కడా రాలేదు. అదే శాంపిల్‌ని పాత సీసా అడుగున మిగిలిన చుక్కతో మళ్ళీ వేస్తే చక్కగా వచ్చింది. నేను మందు వేయని ఆ కణాల్ని పోల్చడానికి కంట్రోల్‌గా పెట్టకుండా ఉండి, ఆయన మాట నమ్మి ఉంటే, లేని ఫలితం నా థీసిస్‌లోకి ఎక్కేది. రొమ్ము క్యాన్సర్‌కి ఇప్పుడు వాడుతున్న ఎక్సిమెస్టేన్, ఫుల్వెస్ట్రాంట్ కూడా స్టెరాయిడ్ నిర్మాణం ఉన్న మందులే, అవీ ఒకప్పుడు ఇలా కణాల మీద పరీక్షించినవే. ఆ దారిలో మొదటి మెట్టు దగ్గరే తప్పు దొర్లితే ఎవరి ప్రాణం మీదికి వస్తుందో ఒక్కసారి ఆలోచించండి.

మా ల్యాబ్ ఆరేళ్ళుగా మీ దగ్గరే కొంటోంది. కణాలు పెంచే ద్రవం (మీడియా), దాంట్లో కలిపే సీరం, ప్లేట్లు అన్నీ మీవే. లాక్‌డౌన్‌లో సీరం నెలలు ఆలస్యమైనా ఇంకొకరి దగ్గరికి పోలేదు. తక్కువకి ఇస్తామని వేరేవాళ్ళు వచ్చినప్పుడల్లా మా సార్ మీ పేరే చెప్పేవారు. ఇప్పుడు ఆయన "మీ వాళ్ళు ఏమన్నారమ్మా?" అని అడిగితే తల దించుకుంటున్నాను.

కొత్త సీసా పంపుతారో, డబ్బు వెనక్కి ఇస్తారో, అది తర్వాత మాట్లాడదాం. ముందు ఆ ఫోటోలు చూసిన మనిషి ఒకరు నాకు ఫోన్ చేయాలి, పార్సిల్ చల్లగా చేరలేదని మీ లెటర్‌హెడ్ మీద రాసివ్వాలి. గ్రాంట్ రిపోర్టులో ఆ నెల ఎందుకు ఖాళీగా ఉందో చూపించడానికి నా దగ్గర వేరే కాగితం లేదు. వారం చూస్తాను. ఆ తర్వాత 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెడతాను, అక్కడా తేలకపోతే గంజాం జిల్లా కమిషన్‌కి పోతాను. గుణుపురం, రాయగడ, పర్లాకిమిడిలో నాతో చదువుకున్నవాళ్ళు ఉన్నారు, వాళ్ళకీ ఈ ఉత్తరం పంపుతాను.

పాత సీసా ఇప్పుడు పూర్తిగా ఖాళీ. కణాలు మాత్రం ఇంక్యుబేటర్‌లో పెరుగుతూనే ఉన్నాయి, రెండు రోజులకోసారి మీడియా మారుస్తూనే ఉన్నాను.

ఇట్లు,
రీసెర్చ్ స్కాలర్,
బరంపురం, గంజాం జిల్లా