ఫొటో కటింగ్ తీరు మార్చాం, టైమూ రేటూ కూడా మారాయి

పోయిన పెండ్లిళ్ల సీజన్‌లో మా షాపు నుంచి పోయిన కొన్ని ఫ్లెక్సీల్లో, ఫ్రేముల్లో మనుషుల చుట్టూ సన్నటి తెల్ల గీత వచ్చింది. చాలామంది మొహమాటానికి ఊరుకున్నారు, కొందరు మొహం మీదే అడిగారు. ప్రింటింగ్ మెషిన్ మీదికి నెట్టేయొచ్చు గానీ తప్పు మెషిన్‌ది కాదు, మా కటింగ్‌ది, అంటే కంప్యూటర్‌లో ఫొటోలోని మనిషిని వెనక గోడ నుంచి వేరు చేసే పనిది. అందుకే ఈ నెల నుంచి నల్లగొండ షాపులో ఆ పని చేసే తీరే మార్చేశాం.

లేత రంగు గోడ ముందు నిలబడ్డ మనిషి ఫొటోను బాగా పెద్దగా చేసి చూడండి. చొక్కా అయిపోయే చోటు, గోడ మొదలయ్యే చోటు గీత గీసినట్టు ఉండవు. నడుమ రెండు మూడు పిక్సెల్స్ (ఫొటోను కూర్చే చిన్న చుక్కలు) సగం చొక్కా, సగం గోడ. వాటితో సహా కోసి మెరూన్ బ్యాక్‌గ్రౌండ్ మీద పెడితే గోడ తెలుపు అంచై మెరుస్తుంది. కంప్యూటర్‌లో ఫొటో మొత్తం కనబడేట్టు పెట్టుకుని చూస్తే ఇది కంటికి ఆనదు. 1600 పిక్సెల్స్ ఎత్తున్న మనిషి బొమ్మను ఫ్లెక్సీ మీద 6 అడుగులు చేశామనుకోండి, ఒక్కో పిక్సెల్ మిల్లీమీటరు దాటుతుంది. మూడు పిక్సెల్స్ అంటే దాదాపు మూడున్నర మిల్లీమీటర్ల పట్టీ. క్లాక్ టవర్ దగ్గర కడితే రోడ్డు అవతల నిలబడ్డవాళ్లకూ పట్టుబడుతుంది.

ఇంతకుముందు హడావుడి పనుల్లో ఫొటోషాప్‌లో వెనక గోడను ఎరేజర్‌తో చెరిపేసేవాళ్లం. చెరిపింది పోయినట్టే. ఫైల్ సేవ్ చేసి మూసేశాక “చెవి కొస పోయింది” అని మీరంటే మళ్లీ మొదటి నుంచి కోయాలి. ఇప్పుడు ఎరేజర్ ముట్టం, అంతా లేయర్ మాస్క్ మీదే. లేయర్ అంటే ఒకదాని మీద ఒకటి పేర్చే పొర. ఫొటో చెక్కుచెదరకుండా ఉంటుంది, దాని మీద మాస్క్ అనే తెర ఉంటుంది. తెరలో తెల్లగా ఉన్నచోట ఫొటో కనబడుతుంది, నల్లగా ఉన్నచోట దాగుతుంది, బూడిద రంగుంటే సగం సగం. చెవి కొస పోతే తెల్ల బ్రష్‌తో ఒక్కసారి రాస్తే తిరిగి వస్తుంది.

పని ఇట్ల నడుస్తుంది. ఫొటో తెరిచి కంట్రోల్ జే నొక్కి కాపీ లేయర్ తీస్తాం, అసలు లేయర్‌ను కన్ను గుర్తు ఆపేసి దాచేస్తాం. కాపీ కింద కొట్టొచ్చినట్టు కనబడే ఆకుపచ్చ లేయర్ ఒకటి, ఫ్లెక్సీలో రాబోయే అసలు రంగు లేయర్ ఒకటి పెడతాం. అంచుల్లో మిగిలిన మురికి ఆకుపచ్చ మీద దాక్కోలేదు. భుజాలు, చేతులు, షేర్వాణీ లాంటి గట్టి అంచులకు చేత్తో చుట్టూ గీత గీసే పెన్ టూలే. 200 శాతం పెద్దగా చేసుకుని, అసలు అంచు కంటే ఒకటి రెండు పిక్సెల్స్ లోపలికి గీత లాగుతాం. ఆ కలగలుపు పిక్సెల్స్ బయటే ఆగిపోతాయి, తెల్ల గీతకు అసలు మందు ఇదే. గీత పూర్తయ్యాక కంట్రోల్ ఎంటర్‌తో సెలెక్షన్, అర పిక్సెల్ ఫెదర్ (అంచును మెత్తబరచడం), తర్వాత మాస్క్. ఫెదర్ రెండు మూడు పెడితే మనిషి దూదిబొమ్మ అవుతాడు, అసలు పెట్టకపోతే కత్తెరతో కోసి అంటించినట్టుంటాడు.

జుట్టు వేరే కథ. పెన్‌తో వెంట్రుకలు కోయలేం, కోస్తే తలకు టోపీ పెట్టినట్టుంటుంది. అందుకని మనిషిని రెండు లేయర్లు చేస్తున్నాం: ఒంటికి పెన్ మాస్క్, జుట్టుకు మాత్రం సెలెక్ట్ అండ్ మాస్క్‌లో రిఫైన్ ఎడ్జ్ బ్రష్‌తో చేసిన మెత్తటి మాస్క్. వెంట్రుకల్లో ఇరుక్కున్న గోడ రంగును అందులోనే ఉన్న డీకంటామినేట్ కలర్స్ అనే ఆప్షన్ తీసేస్తుంది, కానీ అది ఫొటోలోని రంగులనే మారుస్తుంది కాబట్టి జుట్టు లేయర్ దాటనివ్వం. అదే గద్వాల చీర జరీ అంచు మీద తగిలితే బంగారు రంగు వెలిసిపోతుంది.

అన్నిటికంటే సతాయించేది మల్లెపూల జడ. తెల్ల గోడ ముందు తెల్ల పూలంటే ఆటోమేటిక్ టూల్ పూలను గోడ అనుకుని ఊడ్చేస్తుంది. పువ్వు పువ్వుకూ చేత్తో గీత తిప్పాల్సిందే, వేరే దారి లేదు. పెండ్లికూతురి ఫొటోకు ఎక్కువ టైం అడిగేది ఇందుకే.

తొందరలో మరిచిపోయేవి ఇంకొన్ని. నడుం మీద చెయ్యి పెట్టుకుంటే చేతి సందులో, గాజుల నడుమ పాత గోడ మిగిలిపోతుంది. పచ్చ షామియానా కింద తీస్తే మొహం మీద పచ్చదనం వస్తుంది. పైన లేయర్ పెట్టి, క్లిప్పింగ్ మాస్క్‌తో మనిషికే పరిమితం చేసి, వెలుగునీడలు ముట్టకుండా రంగు మాత్రమే మార్చే కలర్ మోడ్‌లో ఒంటి రంగు పలచగా వేస్తాం. పాదాల కింద నీడ లేకపోతే మనిషి గాల్లో తేలుతాడు. కింద మల్టిప్లై లేయర్‌లో (కింది రంగును ముదురు చేసే పొర) పాదానికి ఆనుకుని సన్నగా, ముదురుగా ఒక నీడ, దాని చుట్టూ వెడల్పుగా, లేతగా ఇంకొకటి వేస్తాం. వెలుగు కలవడం లేదని ఫొటోను అద్దంలా తిప్పమని కొందరు అడుగుతారు. తిప్పితే ఎడమ భుజం మీది పైట కుడి భుజం ఎక్కుతుంది. తిప్పం.

దశదినకర్మ ఫొటోల సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. పెద్దాయన మంచి ఫొటో ఏదో పెండ్లి గ్రూప్‌లోనే దొరుకుతుంది, భుజం పక్కవాళ్ల వెనుక ఉంటుంది. దాగిన భుజాన్ని కటింగ్ తెచ్చి పెట్టదు, రెండో భుజాన్ని తిప్పి అతికిస్తాం. మొహం సైజు అంతకంటే పెద్ద సమస్య. 12 బై 18 అంగుళాల ఫ్రేముకు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన 3600 బై 5400 పిక్సెల్స్ కావాలి. గ్రూప్‌లో 150 పిక్సెల్స్ ఉన్న మొహాన్ని అందులో మూడోవంతు ఎత్తుకు తేవాలంటే 12 రెట్లు సాగదీయాలి. ఏఐతో పెంచితే నున్నగా వస్తుంది గానీ కండ్లు వేరేవాళ్లవి అవుతాయి, ఇంట్లోవాళ్లు చూడగానే “మా నాయన కాదు” అంటారు. మీరు అడిగితే తప్ప ఏఐ వాడం. చిన్న ఫ్రేము చేయించుకోండి, అదే మంచిది.

పాత ఆల్బమ్ ఫొటోను ఫోన్‌తో తీసి పంపకండి, ఆ ఫొటోనే తీసుకుని రండి. 4 బై 6 ప్రింట్‌ను 600 డీపీఐలో స్కాన్ చేస్తే 2400 బై 3600 పిక్సెల్స్ వస్తాయి, మెరుపు మచ్చలు ఉండవు. ఫోన్ ఫొటో అయితే వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి. మామూలుగా పంపితే సైజు తగ్గడమే కాదు, జేపెగ్ కుదింపుకు అంచుల చుట్టూ చిన్న చిన్న గడులు లేస్తాయి, పెన్ ఎక్కడ పెట్టాలో తెలియదు.

సాదా కటింగ్ మనిషికి 50 రూపాయలు, జుట్టు విరబోసుకున్నా పూల జడ ఉన్నా 150. సాదా పని అదే రోజు, పూల జడకు రెండు రోజులు. దశదినకర్మ పని మధ్యాహ్నంలోపు ఇస్తే సాయంత్రానికి ఇస్తాం. అమెరికా వీసా ఫొటోలకు బ్యాక్‌గ్రౌండ్ కోయం, మార్చిన ఫొటో వాళ్లు ఒప్పుకోరు. తెల్ల తెర ముందు కొత్తగా దిగండి.

లేయర్లున్న పీఎస్‌డీ (ఫొటోషాప్) ఫైల్ మూడు నెలలు దాచిపెడతాం, రంగో పేరో మార్చాలంటే మళ్లీ కటింగ్ డబ్బులు అక్కర్లేదు. కటింగ్ బొమ్మ మీ దగ్గర ఉంచుకోవాలంటే పీఎన్‌జీ అడగండి, జేపెగ్‌లో ఖాళీ జాగా ఉండదు, తెల్ల డబ్బాలా వస్తుంది. పోయిన సీజన్‌లో తెల్ల గీత వచ్చిన ఫ్రేములు ఉన్నవాళ్లు ఫ్రేముతో పాటు అసలు ఫొటో కూడా తెండి, ఊరికే మళ్లీ చేసిస్తాం. వెనక అట్ట మీరు ఊడదీయకండి, అద్దం పగులుతుంది.